ఆరుగురు రోగులు, అరవై వేల కణాలు: పెద్దపేగు కణితిలోని రోగనిరోధక కణాలను సింగిల్ సెల్ పద్ధతిలో చదివేముందు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకోబోతున్న ఆరుగురి నుంచి కణితి ముక్కలు, పక్కనున్న మామూలు పేగు ముక్కలు మీ ప్రయోగశాలకు అందబోతున్నాయి. వాటిలోని రోగనిరోధక కణాలను సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో (ఒక్కో కణంలో ఏ జన్యువులు ఎంత పని చేస్తున్నాయో విడివిడిగా చదివే పద్ధతితో) పరిశీలించమని మీ గైడ్ సూచించారు. రెండు ముక్కలూ కలిపి ఒక్కో రోగి నుంచి 10 వేల కణాల చొప్పున మొత్తం 60 వేల కణాలు చదివితే సరిపోతుందా, సీడీ45 (రోగనిరోధక కణాల మీద ఉండే గుర్తు ప్రోటీన్) ఉన్న కణాలను ముందే వేరుచేసుకోవాలా, ‘అలసిపోయిన’ (దాడి శక్తి తగ్గినట్టు కనిపించే) టీ కణాలు కణితిలో ఎక్కువగా కనిపిస్తే దాన్ని ఫలితంగా ప్రకటించవచ్చా అన్నవి మీ సందేహాలు.

మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, మీ దగ్గర ఉన్నవి 60 వేల నమూనాలు కావు, ఆరు నమూనాలు. ఈ ఒక్క మాట మనసులో స్థిరపడితే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలతాయి. ఒకే మనిషి పేగులోంచి వచ్చిన పదివేల కణాలు ఒకే జన్యుసంపదను, ఒకే వయసును, ఒకే ఆహారాన్ని, ఒకే శస్త్రచికిత్స గదిని, ఒకే ఎంజైమ్ సీసాను పంచుకున్నవి. వాటిని పదివేల స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కిస్తే ఏ జన్యువును పోల్చినా నమ్మశక్యం కానంత చిన్న పీ విలువ (అసలు తేడా లేకున్నా ఇంత తేడా కనిపించే సంభావ్యత) వస్తుంది. దాన్ని చూసి సంతోషించిన వారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఈ పొరపాటు ఎంత వ్యాపించిందో, అది ఎన్ని తప్పుడు ఫలితాలను పుట్టిస్తుందో 2021లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో స్క్వెయిర్ బృందం వివరంగా చూపింది. దానికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. ఒక్కో రోగికి చెందిన ఒక్కో రకం కణాలన్నిటి లెక్కలనూ కూడి, ఆ మొత్తాలను రోగుల మధ్య పోల్చాలి. సూడోబల్క్ అనే ఈ పద్ధతిలో మీ 60 వేల కణాలు ఆరు జతల సంఖ్యలుగా కుదించుకుపోతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అనిపించవచ్చు గాని, ఆ ఎలుక నిజమైనది.

అయితే ఆరుగురితో ఏమీ చేయలేమా అంటే, చేయవచ్చు. పెకింగ్ విశ్వవిద్యాలయంలోని జెమిన్ జాంగ్ బృందం 2018లో నేచర్‌లో ప్రచురించిన అధ్యయనంలో ఉన్నది 12 మంది రోగులు, 11,138 టీ కణాలు మాత్రమే. ఇవాళ ఒక్క చిప్‌పై (కణాలను విడివిడి ద్రవ బిందువుల్లో బంధించే చిన్న పరికరం) ఒక్క మధ్యాహ్నంలో అన్ని కణాలు చదవవచ్చు. అయినా ఆ పత్రాన్ని ఇప్పటికీ చదువుతున్నాం, ఎందుకంటే వారు అడిగిన ప్రశ్న ఇరుకైనది, ఎంచుకున్న పద్ధతి ఆ ప్రశ్నకు తగినది. కణితి, పక్క పేగు, రక్తం అనే మూడు చోట్ల నుంచి టీ కణాలను తీసి, ప్రతి కణంలో టీ కణ గ్రాహకపు వరుసను కూడా చదివి, ఒకే పూర్వకణం నుంచి పుట్టిన సంతానం ఏ ఏ చోట్ల, ఏ ఏ రూపాల్లో ఉందో వెతికారు. ప్రతి టీ కణానికీ దాని గ్రాహకం ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరున్న కణాలు రెండు గుంపుల్లో కనిపిస్తే ఆ రెండు గుంపుల మధ్య బంధుత్వం ఉన్నట్టు. ఆ విధంగా చూసినప్పుడు, ‘అలసిపోయిన’ సీడీ8 (చంపే రకం టీ) కణాలూ, రక్తంలో ఎక్కువగా తిరిగే దాడి కణాలూ, రెండూ కణితిలోనే నివసించే గ్రాంజైమ్ కే అనే ఎంజైమ్ తయారుచేసే జ్ఞాపక కణాలతో విడివిడిగా బంధుత్వం కలిగి ఉన్నాయని తేలింది. సీఎక్స్‌సీఎల్13 అనే ఆకర్షక ప్రోటీన్ స్రవించే ఒక రకం సీడీ4 (సహాయక టీ) కణాలు ఎంఎస్‌ఐ (మైక్రోసాటిలైట్ అస్థిరత) కణితులున్న రోగుల్లో ప్రత్యేకంగా పోగుపడ్డాయని కూడా అదే అధ్యయనం చెప్పింది.

ఎంఎస్‌ఐ అన్న మాట వచ్చింది కాబట్టి, మీ ఆరుగురి విషయంలో అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది అదే. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దొర్లే అక్షరదోషాలను సరిదిద్దే యంత్రాంగం కొన్ని కణితుల్లో దెబ్బతిని ఉంటుంది; వాటినే ఎంఎస్‌ఐ కణితులంటారు. పెద్దపేగు క్యాన్సర్లలో ఇటువంటివి సుమారు 15 శాతం, వ్యాధి ఇతర అవయవాలకు పాకిన దశలో 4, 5 శాతం మాత్రమే. దోషాలు సవరించబడక పోగుపడటం వల్ల ఈ కణితుల్లో వింత ప్రోటీన్లు ఎక్కువగా తయారవుతాయి, టీ కణాలు వాటిని పరాయివిగా గుర్తుపడతాయి, కణితి నిండా రోగనిరోధక కణాలు చేరుతాయి. 2020లో వెలువడిన కీనోట్-177 పరీక్షలో, పాకిన దశలో ఉన్న ఇటువంటి 307 మంది రోగులలో పెంబ్రోలిజుమాబ్ (టీ కణాలపై పీడీ-1 అనే బ్రేకును అడ్డుకునే ఔషధం) తీసుకున్నవారికి వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 16.5 నెలలు, కీమోథెరపీ తీసుకున్నవారికి 8.2 నెలలు. మిగిలిన 85 శాతం కణితులలో ఇదే ఔషధం ఒంటరిగా దాదాపు పని చేయదు. అంటే ‘పెద్దపేగు క్యాన్సర్’ అన్న ఒకే పేరు కింద, రోగనిరోధక దృష్టిలో చూస్తే, కనీసం రెండు వేర్వేరు జబ్బులున్నాయి. మీ ఆరుగురిలో ఒకరు ఎంఎస్‌ఐ, ఐదుగురు కాదు అనుకోండి. ఆ ఒక్కరి కణితి నుంచే టీ కణాల్లో సగం రావచ్చు. మీరు అందరినీ కలిపి గీసిన బొమ్మలో కనిపించే ‘కణితి టీ కణాల స్వభావం’ నిజానికి ఆ ఒక్క మనిషి స్వభావం అవుతుంది. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్లకు రంగు వేసి చూసే పరీక్షను చాలా ఆసుపత్రుల పాథాలజీ విభాగాలు చేస్తూనే ఉంటాయి. ఆ నివేదిక మీ చేతికి రాకముందే కిట్ ఆర్డర్ చేయకండి.

ఇక ముక్క సంగతి. సింగిల్ సెల్ గురించి మాట్లాడేవారిలో ఎక్కువమంది కంప్యూటర్ దగ్గర మొదలుపెడతారు. నా అనుభవంలో ఫలితం మంచిదా చెడ్డదా అన్నది సీక్వెన్సర్ దాకా వెళ్లకముందే, శస్త్రచికిత్స గదికీ మీ ప్రయోగశాలకూ మధ్య నడవాలోనే, సగానికి పైగా నిర్ణయమైపోతుంది. సర్జన్ రక్తనాళాన్ని కట్టిన క్షణం నుంచి ఆ పేగు ముక్కకు ప్రాణవాయువు అందదు. అక్కడి నుంచి ముక్క మంచు మీదికి చేరేదాకా గడిచే సమయం ఒక రోగికి ఇరవై నిమిషాలు, మరొకరికి రెండు గంటలు అయితే, ఆ తేడా జన్యువుల లెక్కల్లో కచ్చితంగా కనిపిస్తుంది, మీరు దాన్ని జీవశాస్త్రం అనుకుంటారు. మేము తొలినాళ్లలో ఒక కొత్త రకం టీ కణాల గుంపును కనుగొన్నామని కొన్ని వారాలపాటు నమ్మాం. ఆ కణాల్లో ఒత్తిడికి స్పందించే ఫాస్, జున్ జన్యువులు, ఉష్ణఘాత ప్రోటీన్ల జన్యువులు విపరీతంగా వెలిగిపోతున్నాయి. వాటికి ఒక పేరు కూడా పెట్టుకున్నాం. తరువాత నమూనాల చిట్టా తిరగేస్తే, ఆ గుంపులోని కణాలు దాదాపు అన్నీ రెండు నమూనాల నుంచి వచ్చినవని, ఆ రెండు రోజులూ ఎంజైమ్‌లో ముక్కను 37 డిగ్రీల వద్ద గంట పైగా ఉంచామని బయటపడింది. కణజాలాన్ని విడదీసే పనే ఈ జన్యువులను మేల్కొలుపుతుందని 2017లోనే నేచర్ మెథడ్స్‌లో ఎలుకల కండర మూలకణాలపై చేసిన ఒక అధ్యయనం హెచ్చరించింది. మేము దాన్ని చదివి కూడా మాకు వర్తించదనుకున్నాం.

పేగుకు ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. ముక్క మీద జిగురు, మలంలోని సూక్ష్మజీవులు, చనిపోయిన కణాల నుంచి కారిన డీఎన్‌ఏ తీగలు ఉంటాయి. వీటిని చల్లటి ద్రావణంలో యాంటిబయాటిక్‌తో చాలాసార్లు కడగకపోతే, డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏజ్ ఎంజైమ్ కలపకపోతే, కణాలు ముద్దలు కట్టి సన్నని గొట్టాలను మూసేస్తాయి. కణితిలో ఏ చోటు నుంచి ముక్క కోశారన్నది మరింత ముఖ్యం. పేగు లోపలి వైపున్న భాగం తరచు పుండుపడి, న్యూట్రోఫిల్స్‌తో (ఒక రకం తెల్ల రక్తకణాలతో) నిండి ఉంటుంది. పేగు గోడలోకి చొచ్చుకుపోతున్న అంచు వద్ద టీ కణాలు, లింఫాయిడ్ గుళికలు ఉంటాయి. పారిస్‌లో జెరోమ్ గలోన్ బృందం 2006లో సైన్స్‌లో చూపించింది సరిగ్గా ఇదే: ఎన్ని టీ కణాలున్నాయన్నది మాత్రమే కాదు, అవి కణితి నడుమ ఉన్నాయా అంచున ఉన్నాయా అన్నది కూడా రోగి భవిష్యత్తును సూచిస్తుంది. ఆ పని నుంచి పుట్టిన ఇమ్యునోస్కోర్ అనే కొలమానాన్ని 2018లో లాన్సెట్‌లో 2,681 మంది రోగులపై నిర్ధారించారు. వారు వాడినది సీడీ3, సీడీ8 అనే రెండు రంగులు, ఒక సూక్ష్మదర్శిని, చోటు గురించిన శ్రద్ధ. మనం వేల జన్యువులు చదువుతూ, చోటును మాత్రం మొదటి మెట్టులోనే ఎంజైమ్‌లో కరిగించేస్తున్నాం. కాబట్టి పాథాలజిస్టుతో మాట్లాడి, రోగనిర్ధారణకు కావలసినది ఆయన తీసుకున్న తరువాత, నడుమ నుంచి ఒకటి, అంచు నుంచి ఒకటి విడివిడిగా అడగండి. ప్రతి ముక్కకూ ఆనుకుని ఉన్న పలుచని కణజాలపు పలకను ఫార్మలిన్‌లో వేసి దాచండి. ఆ పలక మీకు ఎంత అవసరమవుతుందో తరువాత చెబుతాను.

పురీషనాళం క్యాన్సర్ రోగులను ఈ ఆరుగురిలో కలపాలా అన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వద్దు. వారిలో చాలామందికి శస్త్రచికిత్సకు ముందే రేడియేషన్, కీమోథెరపీ ఇస్తారు. లింఫోసైట్లు రేడియేషన్‌కు సున్నితమైనవి. అక్కడ మిగిలినది చికిత్స తరువాతి దృశ్యం, కణితి సహజ దృశ్యం కాదు. దాన్నే అధ్యయనం చేయదలచుకుంటే అది వేరే పరిశోధన.

సీడీ45 ప్రశ్నకు వద్దాం. వేరుచేయకపోతే కొన్ని కణితుల్లో రోగనిరోధక కణాలు సగం ఉంటాయి, మరికొన్నింటిలో పదోవంతు కూడా ఉండవు. మిగతావన్నీ పేగు పొర (ఎపితీలియల్) కణాలు, కణజాలానికి ఆధారమిచ్చే ఫైబ్రోబ్లాస్టులు. టీ కణాల వంశవృక్షాలు చూడాలంటే టీ కణాలు వేలల్లో కావాలి, అందుకు వేరుచేయడం తప్పదు. కాని వేరుచేసిన మరుక్షణం, కణితిలో మొత్తం మీద రోగనిరోధక కణాలు ఎన్ని అన్న సమాచారం పోతుంది, వాటితో సంభాషించే కణాలు కూడా పోతాయి. నేనైతే ఒక్కో నమూనాలో బతికున్న కణాలన్నిటినీ కొంత, సీడీ45 కణాలను కొంత విడిగా తీసి, రెండింటినీ తెలిసిన నిష్పత్తిలో నడుపుతాను. ఫ్లో సైటోమీటర్ (కణాలను గుర్తులను బట్టి ఒక్కొక్కటిగా లెక్కించే యంత్రం) చూపిన సీడీ45 శాతాన్ని ప్రతి నమూనాకూ రాసి ఉంచుతాను. గ్రాహకపు వరుసలు కావాలనుకుంటే ఆర్‌ఎన్‌ఏ 5′ (ఫైవ్ ప్రైమ్) కొస నుంచి చదివే కిట్‌ను మొదటే ఎంచుకోవాలి. మామూలు 3′ (త్రీ ప్రైమ్) కొస కిట్‌తో ముందు చదివేసి, తరువాత గ్రాహకాలు కావాలనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మరొక మాట: ఒకే రోగి కణితినీ పక్క పేగునూ ఒకే రోజు, ఒకే చిప్‌పై నడపండి. కణితులన్నీ ఒక వారం, మామూలు ముక్కలన్నీ మరో వారం నడిపితే, ఏ తేడా కణితిదో ఏ తేడా వారానిదో ఏ సాఫ్ట్‌వేరూ విడదీసి చెప్పలేదు.

న్యూట్రోఫిల్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పెద్దపేగు కణితుల్లో అవి పుష్కలంగా ఉన్నా, సింగిల్ సెల్ పత్రాల్లో చాలావరకు కనబడవు. వాటిలో ఆర్‌ఎన్‌ఏ చాలా తక్కువ, దాన్ని తెగ్గొట్టే ఎంజైములు ఎక్కువ. గడ్డకట్టించి కరిగిస్తే చనిపోతాయి. సాంద్రత ఆధారంగా వేరుచేస్తే అడుగుకు చేరి పారబోతలో పోతాయి. ఇవన్నీ దాటుకుని వచ్చినవాటిని, ‘500 జన్యువుల కంటే తక్కువ కనిపించిన కణాలను తీసేయాలి’ అన్న అలవాటు నియమంతో మనమే తుడిచేస్తాం. అందువల్ల మీ లెక్కలో న్యూట్రోఫిల్స్ లేకపోతే కణితిలో లేవని రాయకండి, మీ పద్ధతికి చిక్కలేదని రాయండి. ఇటువంటిదే మైటోకాండ్రియా నియమం కూడా. మైటోకాండ్రియా ఆర్‌ఎన్‌ఏ 10 శాతం దాటిన కణాన్ని చనిపోతున్నదిగా భావించి తీసేయడం టీ కణాలకు చాలావరకు సరిపోతుంది గాని, పేగు ఎపితీలియల్ కణాలకు స్వభావరీత్యానే అది ఎక్కువ. ఒకే కొలబద్దను అన్నిటికీ వాడకుండా, ముందు కణాల రకాలను స్థూలంగా గుర్తించి, తరువాత రకానికొక హద్దు పెట్టడం మేలు.

ఒకే బిందువులో రెండు కణాలు చిక్కుకోవడం గురించి కూడా హెచ్చరించాలి. సాధారణ చిప్‌లలో పదివేల కణాలు రాబట్టాలని చూస్తే సుమారు 8 శాతం బిందువుల్లో రెండేసి కణాలు ఉంటాయి. ఒక టీ కణం, ఒక మాక్రోఫేజ్ (భక్షక కణం) జతగా చిక్కితే, రెండింటి గుర్తులూ ఉన్న ‘కొత్త కణం’ ఒకటి తెరపై వెలుస్తుంది. జంటలను పట్టే ప్రోగ్రాములు ఉన్నాయి, వాడండి. పగిలిన కణాల నుంచి ద్రవంలో తేలే ఆర్‌ఎన్‌ఏను తగ్గించే ప్రోగ్రాములు కూడా తప్పనిసరి. పేగులో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు పగిలితే ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ) ఆర్‌ఎన్‌ఏ ప్రతి బిందువులోకీ పాకుతుంది, టీ కణాలు కూడా యాంటీబాడీలు తయారుచేస్తున్నట్టు కనిపిస్తాయి. గుంపులు కట్టే ముందు టీ కణ గ్రాహకపు జన్యువులనూ, ఇమ్యునోగ్లోబ్యులిన్ జన్యువులనూ పక్కన పెట్టకపోతే, కణాలు స్వభావాన్ని బట్టి కాక వంశాన్ని బట్టి విడిపోయి, రోగికొక ప్లాస్మా గుంపు తయారవుతుంది. వేర్వేరు నమూనాల లెక్కలను కలపడానికి హార్మొనీ ప్రోగ్రాం వాడాలా, ఎస్‌సీవీఐ వాడాలా, సూరా వాడాలా అన్న చర్చలో నాకు పెద్ద ఆసక్తి లేదు. ఏది వాడినా, ఒకే రోగి నుంచి వచ్చిన గుంపును అనుమానించండి, కనీసం ముగ్గురిలో కనిపించిన దానికి మాత్రమే పేరు పెట్టండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: అలసిపోయిన టీ కణాలు కణితిలో ఎక్కువగా కనిపిస్తే?

‘ఎక్కువ’ అన్న మాట దగ్గరే ఆగుదాం. సింగిల్ సెల్ మనకు ఇచ్చేది సంఖ్యలు కాదు, వాటాలు. ఒక మామూలు పేగు ముక్కలో 600 ప్లాస్మా కణాలు, 300 టీ కణాలు, 100 ఇతర కణాలు ఉన్నాయనుకోండి. అక్కడ టీ కణాల వాటా 30 శాతం. కణితి ముక్కలో 100 ప్లాస్మా కణాలు, అవే 300 టీ కణాలు, అవే 100 ఇతర కణాలు ఉంటే, టీ కణాల వాటా 60 శాతానికి చేరుతుంది. ఒక్క టీ కణం కూడా అదనంగా రాలేదు. ఇది ఊహాజనిత లెక్కే గాని, పేగులో సరిగ్గా ఇలాగే జరుగుతుంది. మామూలు పేగు పొరలో ఐజీఏ తయారుచేసే ప్లాస్మా కణాలు కిక్కిరిసి ఉంటాయి, కణితిలో వాటి వాటా పడిపోతుంది, ఐజీజీ తయారుచేసేవాటి పాలు పెరుగుతుంది. కాబట్టి వాటాలను పోల్చేటప్పుడు, ఒకటి తగ్గితే మిగిలినవన్నీ తప్పనిసరిగా పెరిగినట్టు కనిపిస్తాయన్న సంగతిని పరిగణించే గణాంక పద్ధతులనే వాడాలి. అంతకంటే సులభమైన ఉపాయం, హారాన్ని చిన్నది చేయడం. రోగనిరోధక కణాలన్నిటిలో కాక, సీడీ8 కణాల్లో ఎన్నోవంతు ఆ రకానివో చూడండి.

ఆపై ‘అలసిపోయిన’ అన్న మాట. నాకు ఈ మాట ఎప్పుడూ నచ్చలేదు. దీర్ఘకాలం వైరస్ సోకిన ఎలుకల్లో, దాడి చేసే శక్తి కోల్పోయిన కణాలకు పెట్టిన పేరు ఇది. మానవ కణితుల్లో పీడీ-1, టిమ్-3, సీడీ39 అనే గుర్తు ప్రోటీన్లను మోసుకుతిరిగే సీడీ8 కణాలను కూడా అదే పేరుతో పిలుస్తున్నాం. వాటిలో చాలా కణాలు శత్రుకణాలను చంపే గ్రాంజైమ్ బీ తయారుచేస్తూనే ఉంటాయి, విభజన చెందుతూనే ఉంటాయి, సీఎక్స్‌సీఎల్13 స్రవించి బీ కణాలను పిలుస్తూనే ఉంటాయి. అంతేకాదు, కణితిని నిజంగా గుర్తుపట్టినవి ఎక్కువగా వీటిలోనే ఉంటాయి. 2018లో నేచర్‌లో సిమోనీ బృందం ఊపిరితిత్తి, పెద్దపేగు కణితుల్లోని సీడీ8 కణాలను పరీక్షించి, వాటిలో అనేకం ఫ్లూ, ఎప్‌స్టీన్-బార్ వంటి వైరస్‌లను గుర్తుపట్టేవని, కణితితో వాటికి సంబంధం లేదని, ఆ దారిన పోయేవాటికి సీడీ39 ఉండదని చూపింది. అంటే మీరు ‘అలసిపోయినవి’ అని జాలిపడే కణాలే పోరాటంలో ఉన్నవి కావచ్చు, చురుకుగా కనిపించేవి ప్రేక్షకులు కావచ్చు. కణాల గుంపుకు పేరు పెట్టేటప్పుడు వాటి జన్యువుల జాబితాతో పాటు, ఆ గుంపులోని గ్రాహకాలు ఎంతగా విస్తరించాయో, అవే గ్రాహకాలు పక్క పేగులో ఉన్నాయో లేవో చూడండి. అక్కడ కూడా సమానంగా ఉంటే అవి పేగు కాపలాదారులు అయ్యే అవకాశం ఎక్కువ. ఒక చిన్న సాంకేతిక జాగ్రత్త కూడా చెప్పాలి. సీడీ4 ఆర్‌ఎన్‌ఏ టీ కణాల్లో చాలా తక్కువగా ఉండటం వల్ల సగం కణాల్లో అది సున్నాగా కనిపిస్తుంది, పైగా మాక్రోఫేజ్‌లలో కూడా ఉంటుంది. ఒక్క జన్యువును చూసి సీడీ4, సీడీ8 అని విడదీయకండి. వీలైతే ప్రోటీన్లకు కూడా బార్‌కోడ్ తగిలించే సైట్-సీక్ జోడించండి.

గుంపుల జాబితా దాటి ఆలోచించడానికి రెండు మూడు పత్రాలను నెమ్మదిగా చదవమని చెబుతాను. 2020లో సెల్‌లో జాంగ్ బృందమే మాక్రోఫేజ్‌లపై చేసిన అధ్యయనం ఒకటి. పాఠ్యపుస్తకాల్లోని ఎం1 (మంటను పెంచేవి), ఎం2 (మంటను తగ్గించేవి) విభజన కణితిలో సరిపోదని, సీ1క్యూసీ ఉన్నవి, ఎస్‌పీపీ1 ఉన్నవి అనే రెండు రకాలు స్పష్టంగా విడిపోతాయని అందులో చూస్తారు. ఎలుకల్లో మాక్రోఫేజ్‌ల మనుగడకు అవసరమైన సీఎస్‌ఎఫ్1ఆర్ గ్రాహకాన్ని నిరోధించే చికిత్స అందరూ ఆశించినట్టు మాక్రోఫేజ్‌లన్నిటినీ తుడిచేయలేదు, ఎస్‌పీపీ1 రకం తప్పించుకుంది. ఆ చికిత్స ఒంటరిగా ఎందుకు నిరాశపరిచిందో అర్థం చేసుకోవడానికి ఇది దారి చూపింది. రెండోది 2021లో సెల్‌లో వచ్చిన పెల్కా తదితరుల పని. 62 మంది రోగులు, 371,223 కణాలు. సంఖ్య కంటే అక్కడ నేర్చుకోవలసినది ఆలోచన. వారు కణాల రకాలను విడివిడిగా లెక్కపెట్టి ఆగలేదు. రోగి నుంచి రోగికి ఏ జన్యు కార్యక్రమాలు కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి అని చూశారు. సీఎక్స్‌సీఎల్13 టీ కణాలు, వాటిని ఆకర్షించే సంకేతాలు పంపే మైలాయిడ్ (మాక్రోఫేజ్ వంటి) కణాలు, క్యాన్సర్ కణాలు కలిసి ఒకే చోట పోగుపడే ‘కూడళ్లు’ ఉన్నాయని ఊహించి, కణజాలపు పలకలపై రంగులు వేసి వాటిని నిజంగా చూపించారు. అక్షరదోషాలు సరిదిద్దుకోగల కణితుల్లో కూడా కొన్నింటిలో ఆ కూడళ్లు ఉన్నాయి. నేను దాచమన్న ఫార్మలిన్ పలక ఇందుకే. కణాలను విడదీసి చదివినప్పుడు మీకు పుట్టేది ఊహ మాత్రమే. గ్రాహకం ఒక కణంలో, దానికి అతికే అణువు మరో కణంలో ఉన్నాయని ప్రోగ్రాం గీసిచ్చే బాణాలు, ఆ రెండు కణాలు ఒకదానికొకటి పక్కన ఉన్నాయనడానికి సాక్ష్యం కావు. ఒకే ఊరి వాళ్లంతా మాట్లాడుకున్నట్టే అనుకోలేం కదా.

మూడోది డి వ్రీస్ తదితరుల 2023 నేచర్ పత్రం. అందులోని ప్రశ్న నాకు ఎంతో ఇష్టం. ఎంఎస్‌ఐ కణితుల్లో కొన్ని బీ2ఎం జన్యువును పోగొట్టుకుని, సీడీ8 కణాలకు తమను తాము చూపించుకునే దారినే మూసేస్తాయి. లెక్క ప్రకారం పీడీ-1 నిరోధకాలు వాటిపై పని చేయకూడదు. కాని పని చేస్తాయి. అయితే ఆ పని చేసేదెవరు? గామా డెల్టా టీ కణాలని (మామూలు టీ కణాలకు భిన్నమైన గ్రాహకం ఉన్నవి), వాటిలోనూ పీడీ-1 ఉన్న వీడెల్టా1, వీడెల్టా3 రకాలని వారు చూపారు. మామూలు గుర్తింపు ప్రోగ్రాములు ఈ కణాలను తరచు సీడీ8 లేదా ఎన్‌కే (సహజ హంతక కణాల) గుంపులో కలిపేస్తాయి. మీ ఆరుగురిలో కూడా అవి అలా కలిసిపోయి ఉండవచ్చు, వాటి గ్రాహకానికి చెందిన టీఆర్‌డీసీ జన్యువును ప్రత్యేకంగా వెతకండి.

ఆరుగురితో మీరు అట్లాస్ (కణాల సమగ్ర పటం) తయారు చేయలేరు, అది ఇప్పటికే తయారైంది. కొరియా, బెల్జియం రోగులపై 2020లో, సింగపూర్ కేంద్రంగా 2022లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన దత్తాంశాలు, పైన చెప్పిన పెల్కా (అమెరికా), జాంగ్ (చైనా) బృందాల దత్తాంశాలు పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. మీరు వాటిలో లేని దాన్ని వెతకాలి. భారతీయ ఆసుపత్రుల నివేదికల్లో 50 ఏళ్లలోపు రోగుల వాటా, సిగ్నెట్ రింగ్ (కణాలు ఉంగరంలా కనిపించే) రకం వాటా పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఆ రకం కణితుల రోగనిరోధక దృశ్యం పెద్ద అట్లాసుల్లో పలుచగా ఉంది. మీ ఆరుగురూ కలగాపులగంగా కాక, ఎంఎస్‌ఐ కాని, ఎడమవైపు కణితి ఉన్న, యువ రోగులే అయితే, ఆరు అన్నది అకస్మాత్తుగా చిన్న సంఖ్యగా అనిపించదు. మీ దగ్గర కనిపించిన ఒక్క తేడాను ఆ పెద్ద దత్తాంశాల్లో పరీక్షించి, నిలబడితే మీ ఫార్మలిన్ పలకలపై, ఆసుపత్రి పాథాలజీ బీరువాలో ఉన్న మరో యాభై అరవై మంది పాత పలకలపై రెండు మూడు రంగులతో చూడండి. ఆ పాత పలకలకు నైతిక సంఘం అనుమతి ముందే తీసుకోవాలి. ఆర్‌ఎన్‌ఏ వరుసల్లో రోగి వంశపారంపర్య సమాచారం కూడా ఉంటుంది కాబట్టి సమ్మతి పత్రంలో ఆ మాట విడిగా రాయాలి.

చివరిగా, రేపే మొదలుపెట్టదగిన పని ఒకటి ఉంది. ఒక నమూనా చిట్టా తయారు చేయండి: రక్తనాళం కట్టిన సమయం, ముక్క మంచులో పడిన సమయం, కణితి ఏ వైపు, ముక్క ఏ చోటిది, ముందు చికిత్స ఏమైనా జరిగిందా, ఎంజైమ్‌లో ఎన్ని నిమిషాలు, ఎన్ని డిగ్రీలు, బతికున్న కణాల శాతం, సీడీ45 శాతం, చిప్ సంఖ్య. మొదటి రోగికి ముందు, పాథాలజీ వారు పారవేయబోయే ముక్క ఒకటి అనుమతితో తీసుకుని, సీక్వెన్సింగ్ లేకుండా, ఉత్త విడదీత మాత్రమే రెండు మూడుసార్లు సాధన చేయండి. ఫ్లో సైటోమీటర్‌లో న్యూట్రోఫిల్స్‌కు గుర్తయిన సీడీ66బీ వేసి చూస్తే, న్యూట్రోఫిల్స్ మీ చేతుల్లో ఏ మెట్టు దగ్గర మాయమవుతున్నాయో ఆ రోజే తెలుస్తుంది.